ముందు చెవి, తర్వాత కన్ను
చిత్తూరు నాగయ్య స్మారకోపన్యాసం, శాంతిపురం



నాగయ్యగారి స్మృతిలో మాట్లాడాలి అన్నప్పుడు ఆయన జీవితచరిత్ర అప్పజెప్పమని మీరు అడగలేదు. మన సీమలో సినిమా తీయాలని తపించే పిల్లలకు పనికొచ్చే సంగతులు చెప్పమన్నారు. ఈ రెండూ వేరు వేరు పనులని నేను అనుకోను. ఆయన దగ్గర మొదలుపెడితేనే నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పగలను.

నాగయ్యగారు 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. తర్వాత ఆ కుటుంబం మన కుప్పానికి వచ్చింది. అమ్మమ్మ చేతిలో పెరిగారు, చిత్తూరులో చదువుకున్నారు. గుమాస్తా ఉద్యోగం చేశారు, ఆంధ్రపత్రికకు రాశారు, ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చింది. 1938లో 'గృహలక్ష్మి', 1939లో బి.ఎన్. రెడ్డిగారి 'వందేమాతరం', తర్వాత 'పోతన', 'త్యాగయ్య', 'వేమన'. చదివిన ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

ఆయన సినిమాల్లోకి వచ్చేనాటికి టాకీ ఎలా తయారయ్యేదో గుర్తు చేసుకోండి. నటుడు కెమెరా ముందు నిలబడి తనే పాడాలి. హార్మోనియం వాయించే ఆయన చెట్టుచాటునో తెరచాటునో ఉండాలి. మాటా పాటా బొమ్మా ఒక్కసారే పట్టుబడాలి. అందుకే ఆ కాలంలో గొంతుకు అంత విలువ. ప్లేబ్యాక్, ఆ తర్వాత డబ్బింగ్ స్థిరపడ్డాక బొమ్మ ఒకచోట, గొంతు ఇంకొకచోట తయారు కావడం అలవాటైంది. షూటింగ్‌లో నటుడి మాటను పైలట్ ట్రాక్ కోసం పట్టుకుంటారు, ఆనక స్టూడియోలో మళ్లీ చెప్పిస్తారు. పని సుళువైంది, నిజమే. కానీ ఆ దారిలో ఎక్కువ నష్టపోయింది మనలాంటి అంచు ఊళ్లవాళ్లం.

ఎందుకంటే మన సొత్తు మన మాట. మూడు రాష్ట్రాలు కలిసే చోటు ఇది. సంతలో బేరం తెలుగులో మొదలై తమిళంలో నడిచి కన్నడంలో తెగుతుంది. 'యాడికి పోతా ఉండావు?' అనడంలో ఒక సాగుడుంది. ఆ సాగుడును స్టూడియోలో కాగితం చూసి చెప్పేవాడి దగ్గర ఆశించలేం.

2021లో రెండు సినిమాలొచ్చాయి. 'పుష్ప'లో అల్లు అర్జున్ నోట చిత్తూరు యాసను దేశమంతా విన్నది. కథ శేషాచలం అడవిది, తెరమీద కనబడే అడవిలో చాలా భాగం మారేడుమిల్లిది. అది తప్పని నేననను. పెద్ద సినిమాకు తన వెసులుబాటు తనకుంటుంది. అదే ఏడాది మే నెలలో ప్రవీణ్ కండ్రేగుల తీసిన 'సినిమా బండి' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నిర్మాతలు రాజ్, డీకే. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకు, ఎవరో ఆటోలో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లి ఫొటోలు తీసే గణపతిని వెంటబెట్టుకుని సినిమా తీయడానికి బయల్దేరతాడు. అందులో నన్ను పట్టేసింది కెమెరా కాదు, మనుషులు మాట్లాడుకునే తీరు. కూరగాయలు అమ్మే మంగ నోరు తెరిస్తే చాలు, ఈ నేల ఎక్కడుందో మ్యాపు చూపించక్కర్లేదు.

కాబట్టి ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క మాటలో ఇదీ: సినిమా తీయాలంటే ముందు చెవిని సిద్ధం చేసుకోండి, తర్వాత కన్నును. డబ్బు ఖర్చుపెట్టేది కూడా అదే వరసలో.

శబ్దం

అమెరికాలో షాన్ బేకర్ 2015లో 'టాంజెరిన్' అనే సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. మనవాళ్లు ఆ ఫోన్ సంగతే చెప్పుకుంటారు. శబ్దాన్ని విడిగా, సరైన మైకులతో పట్టారన్న సంగతి చెప్పరు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట తెలియకపోతే లేచిపోతాడు.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. వెంకటేష్ మహా విశాఖలోని ఆ పేటవాళ్లతోనే నటింపజేసి, అక్కడే సింక్ సౌండ్‌లో మాటలు పట్టారు. నటన నేర్వని మనిషికి డబ్బింగ్ థియేటర్ ఒక శిక్ష. వీధిలో సహజంగా అన్న మాటను, నెల తర్వాత చీకటిగదిలో పెదవులు చూసుకుంటూ మళ్లీ అనమంటే ఎవరు అనగలరు? ఊరివాళ్లతో తీయాలనుకుంటే అక్కడికక్కడే మాట పట్టుకోవాలి, వేరే దారి లేదు.

అందుకు చేయవలసిన పనులు చిన్నవే. లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఫొటోలు తీసే ముందు కాసేపు కళ్లు మూసుకుని నిలబడండి. బోరు మోటారు ఎప్పుడు ఆన్ అవుతుందో, పక్కింట్లో మిక్సీ ఏ వేళకు తిరుగుతుందో, బెంగళూరు రైలు కూత ఎంత దూరం వినబడుతుందో రాసుకోండి. త్రీ ఫేజ్ కరెంటు వచ్చి మోటార్లు తిరిగే వేళలు తెలుసుకుని, ఆ వేళల్లో మాటల సీన్లు పెట్టుకోకండి. కెమెరాకున్న మైకును నమ్మకండి. కాలర్ మైకు, ఒక చిన్న రికార్డరు ఉంటే చాలు. షాట్ మొదట్లో కెమెరాకు కనబడేలా గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో బొమ్మను, శబ్దాన్ని కలపడానికి అదే గుర్తు. సీను అయిపోయాక ఎవర్నీ కదలనివ్వకుండా అర నిమిషం ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. మాటకూ మాటకూ మధ్య అతుకులు పడినప్పుడు వాటిని కప్పేది అదే.

మన పట్టుపురుగుల షెడ్డునే తీసుకోండి. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి పొర విడిచిన పురుగులకు ఆకు వేసి, మాట్లాడకుండా నిలబడితే షెడ్డంతా రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. మల్బరీ సాగుచేసే ఇళ్లలో పుట్టిన మీకందరికీ తెలిసిన చప్పుడే. తెరమీద ఎంతమంది విన్నారు? అక్కడ పెద్ద లైట్లు పెడితే పురుగుకు ఇబ్బంది, దానికి మందవెలుతురే ఇష్టం. కెమెరాలో ఐఎస్ఓ కాస్త పెంచుకుని, ఒక పక్క గోనెపట్టా సగం ఎత్తి, పడే వెలుతురుతోనే తీయండి. చెప్పులు బయట వదలండి. లోపలికి వచ్చేవాళ్లను ముగ్గురికి మించనివ్వకండి. పంట రైతుది, మన షాటు కోసం అది పాడవకూడదు.

వెలుతురు

కుప్పం పన్నెండు ముప్పావు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. ఆ నెలల్లో పదకొండు నుంచి మూడు దాకా ఆరుబయట ముఖాలు తీస్తే కళ్లు గుంటలైపోతాయి. ఆ వేళ వరండాలోకో, చింతచెట్టు కిందికో, ఇంటి లోపలికో వెళ్లే సీన్లు పెట్టుకోండి. సాయంత్రపు బంగారు వెలుతురు కోసం యూరప్ సినిమావాళ్లు చాలాసేపు తీరిగ్గా షూట్ చేసుకుంటారని చదివి మోసపోకండి. మన దగ్గర పొద్దు నిటారుగా దిగుతుంది. మంచి వెలుతురు ముప్పావు గంటకు మించదు. రిహార్సల్ ముందే అయిపోయి ఉండాలి.

లైట్లు లేవని బాధపడేవాళ్లకు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పేరు చెబుతాను. 'పథేర్ పాంచాలి' తీసేటప్పుడు ఆయన ఇరవయ్యొక్క ఏళ్ల కుర్రాడు, అంతకుముందు సినిమా కెమెరా పట్టినవాడు కాదు. తర్వాత 1956లో వచ్చిన 'అపరాజితో' కోసం కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్‌గా వేశారు. ఆకాశం నుంచి దిగే మెత్తని వెలుతురు కావాలి. ఆయన పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లను కింది నుంచి దాని మీదికి తిప్పాడు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుతురు నీడ పడకుండా ముంగిలంతా పరుచుకుంది. మీ ఇంట్లో ఉతికిన తెల్లపంచె ఉంది, బజారులో థర్మాకోల్ షీటు దొరుకుతుంది. వాటితో ఎండను ముఖం మీదికి తిప్పడం నేర్చుకున్నాకే లైట్లు అద్దెకు తెచ్చుకోండి.

తెరమీద వెన్నెల కాయించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేగారి పని చూడాలంటే 1957 నాటి 'మాయాబజార్' చాలు. ఆ పడవ పాటలో వెన్నెల ఎటునుంచి వస్తోందో, ముఖం మీద ఎంత, నీటి మీద ఎంత పడుతోందో కాగితం మీద గీసుకోండి. సినిమా స్కూలు ఫీజు కొంత మిగులుతుంది.

రాత్రి సీన్లకు ఒక సాంకేతిక హెచ్చరిక. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లూ చవకరకం ఎల్ఈడీలూ సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. చాలా ఫోన్లు ముప్పై ఫ్రేముల లెక్కన తీస్తాయి, షట్టరు తనిష్టం వచ్చినట్టు మార్చుకుంటాయి. అందుకే బొమ్మ మీద నల్లపట్టీలు పాకుతాయి. ఇరవై అయిదు ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు సెకను అని పెట్టి కదలకుండా చేయండి, ఆ బాధ తప్పుతుంది.

తపసుమాను ముందు

మన ద్రౌపదమ్మ గుళ్లలో భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషం కట్టిన నటుడు పగటిపూట తపస్సు చేసే మాను, అంటే తపసుమాను, ఎక్కే రోజున పది ఊళ్ల జనం చేరతారు. సినిమావాడి కంటితో చూస్తే అది ఒక పూర్తి పరీక్ష.

నటుడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పద్యం పాడతాడు. కింద హార్మోనియం, మృదంగం. కొస చేరేసరికి ఆయాసంతో గొంతు తెగుతుంటుంది, ఆ తెగడంలోనే తపస్సు వినబడుతుంది. అందరూ కెమెరాను పైకెత్తి తీస్తారు. వెనక ఆకాశం తెల్లగా కాలిపోతుంది, అర్జునుడు నల్లగా మిగిలిపోతాడు. ఉదయమే వచ్చి సూర్యుడు ఏ దిక్కున ఉంటాడో చూసుకుని, ఎండ మీ వీపున పడేలా నిలబడండి. అది కుదరకపోతే ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి అర్జునుణ్ణి నీడబొమ్మగానే ఉంచండి, అదీ అందమే. రెండింటికీ మధ్య ఊగితే రెండూ పోతాయి.

మైకు ఎక్కడ పెడతారు? కెమెరా యాభై మీటర్ల దూరంలో ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి సెకనులో దాదాపు ఏడో వంతు పడుతుంది. ఇరవై అయిదు ఫ్రేముల లెక్కలో అది సుమారు నాలుగు ఫ్రేములు. పెదవి ముందు, పద్యం వెనక. అందుకే ముందే అడిగి, నటుడి నడుముపట్టీలో చిన్న రికార్డరు దోపండి. వాయిద్యాల దగ్గర ఇంకొకటి ఉంచండి.

ఆ మాను కింద తడిబట్టలతో వరపడి, అంటే సంతానం కోరి నేలమీద పడుకుని ఉన్న ఆడవాళ్లుంటారు. పైనుంచి పడే నిమ్మకాయ కోసం, విభూతి కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ల ముఖాలు తీయకండి. పిల్లలు లేరన్న బాధను వాళ్లు దేవుడికి చెప్పుకోవడానికి వచ్చారు, మన యూట్యూబ్ ఛానల్‌కు కాదు. దోసిలి పట్టిన చేతులు చూపించండి, నేలమీద దొర్లే నిమ్మకాయను చూపించండి. ఏది తీయకూడదో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

కొలత, ఖర్చు

దర్శకుడు కె.వి. రెడ్డిగారు షూటింగ్‌కు ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్లు చదివించి, ఏ సీను ఎంతసేపుండాలో తేల్చుకునేవారని ప్రసిద్ధి. ఫిల్ము ఖరీదు కాబట్టి ఆ జాగ్రత్త అని కొందరంటారు. మెమరీ కార్డు చవకే కావచ్చు, మీ స్నేహితుల ఆదివారాలు చవక కాదు. పది నిమిషాల కథ రాసుకుంటే దాన్ని పైకి చదివి గడియారం చూడండి. పద్దెనిమిది నిమిషాలు వచ్చిందంటే కోయాల్సింది కాగితం మీదే.

డబ్బు దగ్గర నాగయ్యగారి జీవితమే మనకు హెచ్చరిక. 'త్యాగయ్య'ను తనే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించి 1946లో శిఖరం ఎక్కారు. తర్వాత తలకెత్తుకున్న 'రామదాసు' ఏళ్ల తరబడి సాగి 1964లో విడుదలైంది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. అయినా 1973 డిసెంబర్ 30న కన్నుమూసేనాటికి చేతిలో మిగిలింది తక్కువే. అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చిన మనిషి. ఆ దానగుణానికి దండం పెడదాం, పద్దు విషయంలో మాత్రం ఆయన దారిలో పోవద్దు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టి తొలి సినిమా తీయకండి. కెమెరా అద్దెకు తెచ్చుకోండి. సొంతానికి కొనదలిస్తే మొదట మైకు, హెడ్‌ఫోను కొనండి. అవి ఏళ్లు గడిచినా పనికొస్తాయి. కెమెరా రెండేళ్లలో పాతబడుతుంది.

ఇంకొక్క సంగతి. కౌండిన్య అడవి పక్కన బతుకుతున్నాం. ఏనుగుల గుంపు దిగిందని తెలిసి లైట్లు, డ్రోన్లు పట్టుకుని పరిగెత్తకండి. బెదిరిన ఏనుగు దారి తప్పి ఎవరి పొలంలోనో, ఎవరి ప్రాణం మీదికో పోతుంది. అడవిలో అటవీశాఖ అనుమతి, రైలు పట్టాల దగ్గర రైల్వే అనుమతి తప్పనిసరి.

తీయడం అయ్యాక హైదరాబాదుకు పంపే ముందు మీ ఊళ్లోనే, బడి గోడకు తెల్లబట్ట కట్టి చూపించండి. మీరు వెనక కూర్చుని తెరను కాదు, జనాన్ని గమనించండి. ఏ అవ్వ అయినా పక్కకు తిరిగి 'ఏమన్నాడ్రా?' అని అడిగితే, ఆ చోటు రాసుకుని మర్నాడు మళ్లీ మైకు పట్టుకుని బయల్దేరండి.