ఆయువును అంకె చెప్పగలదా?



మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు ఒకరికి సోకినదని వినగానే ఇంటిల్లిపాదియు అడుగు ప్రశ్న ‘ఇక ఎన్నాళ్లు?’ అనునదే. పెద్దప్రేగున, మలాశయమున పుట్టు క్యాన్సరు విషయమున ఈ ప్రశ్నకు శాస్త్రమెంతవరకు బదులు చెప్పగలదో మనవి చేయుదుము.

1932లో లండను వైద్యుడు కత్బర్ట్ డ్యూక్స్, కణితి ప్రేగుగోడను దాటినదా, లింఫు గ్రంథులకు ప్రాకినదా అని పరిశీలించి రోగులను తరగతులుగా విభజించెను. ఆయువును అంచనా వేయుటకు వ్యాధి వ్యాపించిన మేరయే నేటికిని ముఖ్యాధారము. అమెరికా దేశపు లెక్కలలో, వ్యాధి పుట్టినచోటనే ఉండగా కనుగొనబడినవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిదప ఆ సంఖ్య 15కు అటునిటుగా నున్నది.

1965లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనువారు ఈ కణితులలో ఒక పదార్థమును కనుగొనిరి. అది గర్భస్థశిశువు ప్రేగులలోను ఉండును గనుక దానికి కార్సినో ఎంబ్రియానిక్ యాంటిజెన్ అని పేరు. రక్తమున మిల్లీలీటరునకు 5 నానోగ్రాముల లోపున్నచో సాధారణముగా భయము లేదందురు. శస్త్రచికిత్సకు పూర్వమే అది హెచ్చుగా నున్నచో వ్యాధి తిరుగబెట్టు అవకాశమెక్కువ. కణితిని పూర్తిగా తొలగించిన కొన్ని వారములలో అది దిగవలెను. దిగి మరల పెరిగినచో వైద్యులు వ్యాధికై వెదకుదురు.

అయితే పొగత్రాగువారిలోను, కాలేయవ్యాధి కలవారిలోను ఇది పెరుగవచ్చును. క్యాన్సరున్నను కొందరిలో పెరుగకపోవచ్చును. కావున ఆరోగ్యవంతులలో వ్యాధిని పసిగట్టుటకు ఈ పరీక్ష చాలదు.

మన బెంగుళూరున 1973లో కిద్వాయి స్మారక సంస్థ వెలసినది. 1982 నుండి బొంబాయి, మద్రాసులతోపాటు ఈ నగరపు క్యాన్సరు రోగుల వివరములును పట్టికకెక్కుచున్నవి. శాతములన్నియు ఇట్టి పట్టికలనుండి పుట్టినవే. అవి వేయిమంది గతిని తెలుపును. ఒక్కని ఆయువును నిర్ణయింపజాలవు. రక్తపరీక్షలోని అంకె లలాటలిఖితము కాదు. దానిని చూచి ధైర్యము వీడి చికిత్స మానుట తగదు.

విద్యార్థులారా! మలముతో రక్తము పడుట, విరేచనపు అలవాటు వారములతరబడి మారియుండుట, అకారణముగా నీరసించుట అను లక్షణములను మీ ఇంటివారు మొలలనియో వేడియనియో సరిపెట్టుకొనినచో, వైద్యుని చూడుడని మీరే చెప్పుడు. సిగ్గుచే దాచిన నెలలలోనే వ్యాధి ఒక తరగతినుండి వేరొక తరగతికి పోవచ్చును. 90కిని 15కును గల అంతరమును మరువవలదని కోరుచు సెలవు గైకొనుచున్నాము.