పగటి ఎండను రాత్రి మగ్గానికి దాచుకుందాం



మనం కూర్చున్న ఈ చూలైకి దగ్గర్లోనే చింతాద్రిపేట ఉంది. 1734లో గవర్నర్ మార్టన్ పిట్ కాలంలో నేతపనివాళ్ల కోసమే వేసిన పేట అది. అప్పట్లో పొద్దుంటేనే నేత, పొద్దుగూకితే మగ్గం ఆగేది. ఇప్పుడు చేతిమగ్గమైనా లైటు, ఫ్యాను, కండెలు చుట్టే మోటారు కరెంటుతోనే. మరమగ్గం సంగతి చెప్పనే అక్కర్లేదు. నేత మధ్యలో కరెంటు పోయి వస్తే గుడ్డ మీద అడ్డగీత పడుతుంది, కొనేవాడు ఆ గీత చూపించి రేటు కోస్తాడు.

ఉచిత కరెంటు ఉండగా ఈ గొడవంతా మనకెందుకు అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తమిళనాడులో 2023 నుంచి రెండు నెలలకు చేనేతకు 300 యూనిట్లు, మరమగ్గాలకు 1,000 యూనిట్లు ఉచితం. అది పెద్ద ఆసరా, వదులుకోమని మేము చెప్పడం లేదు. కానీ లైన్లో కరెంటు ఉంటేనే కదా ఉచితమైనా అందేది! 2012లో జిల్లాల్లో రోజుకు పది గంటలు పైనే కోతలు పడ్డప్పుడు మగ్గాల ఇళ్లు ఎట్లా గడిచాయో ఇక్కడ చాలామందికి గుర్తే.

ఇప్పుడు కొరత రూపం మారింది. 2024 మే 2న ఈ రాష్ట్రంలో వాడకం 20,830 మెగావాట్లకు చేరింది. పగలు సోలార్ కొంత భారం మోస్తుంది. సాయంత్రం ఎండ పోగానే ఆ కరెంటు తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు ఆన్ అవుతాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పడి వోల్టేజీ పడిపోతుంది, ఫేజు పోతుంది. మన వాళ్లు రాత్రి భోజనాలయ్యాక మళ్లీ మగ్గం ఎక్కే వేళ కూడా అదే.

2019లో నీళ్ల కరువప్పుడు లారీ వచ్చిన పూట బిందెలన్నీ నింపి పెట్టుకున్నాం కదా, బ్యాటరీ పనీ అదే. కోయంబత్తూరు జిల్లా కడంపారైలో కరెంటు మిగిలిన వేళ నీళ్లను కొండమీదికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 400 మెగావాట్ల వరకు తీస్తారు. ఆస్ట్రేలియాలో హార్న్స్‌డేల్ దగ్గర 2017లో 100 మెగావాట్ల బ్యాటరీయే పెట్టారు. మాకు ఎక్కువ నచ్చింది అమెరికాలోని వెర్మాంట్ పద్ధతి. అక్కడ గ్రీన్ మౌంటెన్ పవర్ అనే కంపెనీ ఇళ్లలో బ్యాటరీలు పెట్టించి, వాడకం ఎక్కువైన గంటల్లో వాటిలోంచి కరెంటు తీసుకుంటుంది. కరెంటు పోతే అదే బ్యాటరీ ఆ ఇంటికి పనికొస్తుంది. ఇంటికీ మేలు, లైనుకూ మేలు.

మన లెక్కకు వద్దాం. రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఒక ఫ్యాను, పావు హార్స్‌పవర్ కండెల మోటారు కలిపితే దాదాపు 300 వాట్లు. నాలుగు గంటలకు యూనిట్టుంపావు దాటదు. ఇన్వర్టర్లకు వాడే 150 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లు ఉంటాయి గానీ, సగం దాకా వాడితేనే అది నాలుగు కాలాలు బతుకుతుంది. లిథియం ఫాస్ఫేట్ రకంలో ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, ధర ఎక్కువ. మరమగ్గం వేరు. ఒక హార్స్‌పవర్ మోటారు నాలుగు గంటలు తిరిగితే మూడు యూనిట్లు, పది మగ్గాల షెడ్డుకు ముప్పై. ఇంటి బ్యాటరీ అక్కడ ఏ మూలకు?

ఒక సంగతి అమ్మేవాళ్లు చాలామంది చెప్పరు. బ్యాటరీ లేని మామూలు సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా చేసిన ఏర్పాటు అది. కోత వేళ కూడా కరెంటు కావాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి.

పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అది ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది, బ్యాటరీ ఖర్చు మనదే. చూలై సందుల్లో అద్దెకు ఉండేవాళ్లకు మిద్దె ఎక్కడిది అంటారు, నిజమే. అందుకే విడివిడిగా అప్పులు చేసి కొనడం కంటే కలిసి పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. నివాసుల సంఘాల ఉమ్మడి అవసరాలకు అదే పథకంలో కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. మగ్గాల కాలనీలు ఉన్న ఊళ్లలో సంఘం మిద్దె మీద ప్యానెళ్లు, కింద ఒక పెద్ద బ్యాటరీ పెట్టి, కండెలు చుట్టే పని, రాత్రి నేత అక్కడ జరుపుకోవచ్చు. వంద చదరపు అడుగుల నీడలేని మిద్దె ఉంటే ఒక కిలోవాట్, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు.

బ్యాటరీని మాత్రం నూలు కట్టల పక్కన, మగ్గం గుంత దగ్గర పెట్టకండి. మన ఇళ్లలో దూది నుసి ఎంత ఎగురుతుందో మనకు తెలుసు. లెడ్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు అంటుకునే గాలి వస్తుంది, కిటికీ ఉన్న చోటే ఉండాలి.

వచ్చే సమావేశానికి ప్రతి సంఘం ఒక ఏడాది ఈబీ బిల్లులు, మిద్దె కొలతలు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో రాసిన కాగితం తీసుకురండి. ముందు ఏ ఊళ్లో మొదలుపెట్టాలో ఆ కాగితాలు చూసే తేల్చుకుందాం.