గాలి ఎటు వీస్తోందో సరిగ్గా చెప్పాలి: అణు విద్యుత్ కేంద్రంలో నా పని

ఈ ఎపిసోడ్‌లో నేను చేసే పని గురించి చెప్తాను. అమెరికాలో ఒక అణు విద్యుత్ కేంద్రంలో వాతావరణ పరికరాల మెయింటెనెన్స్ నా డ్యూటీ. "రియాక్టర్ దగ్గర వెదర్ రిపోర్ట్ ఎందుకు? ఫోన్‌లో యాప్ ఉంది కదా!" అని చాలామంది అడుగుతుంటారు.

యాప్ చెప్పేది మీ ఏరియా మొత్తానికి ఒక అంచనా. మాకు కావాల్సింది ఇక్కడ, ఈ నిమిషం వీస్తున్న గాలి. ప్రమాదం జరిగి రేడియోధార్మిక పదార్థం బయటికొస్తే, అది ఏ ఊరి మీదకు పోతుందో తేల్చేది ఆ గాలే. ముందు ఏ ఊరిని ఖాళీ చేయించాలో ఆ కొలత చూసే లెక్కేస్తారు.

మా టవర్ మీద రెండు ఎత్తుల్లో పరికరాలుంటాయి. ఒకటి 10 మీటర్ల దగ్గర, ఇంకొకటి 60 మీటర్ల దగ్గర. అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ వాళ్ల గైడ్ 1.23 ప్రకారం కనీసం ఆరు నెలలకోసారి క్యాలిబ్రేషన్ చెయ్యాలి. ఏడాదిలో కనీసం 90 శాతం డేటా చేతిలో ఉండాలి. పరికరం విప్పే ముందు కంట్రోల్ రూమ్‌కి చెప్పి తీరాలి.

మొదట ఎనిమోమీటర్, అంటే గాలి వేగం కొలిచే గిన్నెల చక్రం. ఇందులో ప్రాణమంతా బేరింగ్‌లోనే ఉంది. దుమ్ము పట్టి బేరింగ్ బిగుసుకుంటే పెద్ద గాలికి బాగానే తిరుగుతుంది, చిన్న గాలికి కదలదు. చూసేవాళ్లకి అంతా ఓకే అనిపిస్తుంది. కానీ మాకు భయం చిన్న గాలితోనే. పెద్ద గాలి కాలుష్యాన్ని చెదరగొట్టి పలచన చేస్తుంది. నెమ్మది గాలి చిక్కగా మోసుకెళ్తుంది. అందుకే సెకనుకి 0.45 మీటర్ల గాలికన్నా ముందే చక్రం కదలాలి అన్నది రూల్. ఇరుసు ఎంత తేలిగ్గా తిరుగుతోందో కొలిచి, అవసరమైతే బేరింగ్ మార్చేస్తాం.

రెండోది విండ్ వేన్. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చే గాలి, అంటే కాలుష్యం పోయేది పడమరకి. కంగారులో ఇది తారుమారైతే చాలా ప్రమాదం. ఇంకో సంగతి, దిక్సూచి చూపే ఉత్తరం అసలు ఉత్తరం కాదు. అందుకే దూరంగా ఉన్న ఒక గుర్తు ఏ కోణంలో ఉందో ముందే సర్వే చేసి పెట్టుకుని, వేన్‌ని దానికి గురిపెట్టి సరిచూస్తాం. 10 డిగ్రీలు తప్పితే ఏమవుతుంది? 16 కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి దాదాపు 2.8 కిలోమీటర్లు పక్కకి జరిగిపోతాం. అంటే ఊరే మారిపోతుంది!

మూడోది ఉష్ణోగ్రత. చలికాలం తెల్లవారుజామున పల్లెలో పొయ్యి పొగ పైకి పోకుండా ఇళ్ల మీదే పరుచుకోవడం చూశారా? కింద గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటే అలా అవుతుంది. ఆ రెండు ఎత్తుల మధ్య తేడా 0.1 డిగ్రీ వరకూ కచ్చితంగా తెలియాలి. అందుకే రెండు సెన్సర్లనీ ఒకే నీళ్లలో ముంచి, రెండూ ఒకే మాట చెప్తున్నాయా అని చూస్తాం. సెన్సర్ చుట్టూ గాలి లాగే చిన్న ఫ్యాన్ ఉంటుంది. పగటిపూట కింది ఫ్యాన్ ఆగిపోతే ఎండకి ఆ సెన్సర్ వేడెక్కి, కాలుష్యం బాగా చెదిరిపోతున్నట్టు లెక్క వస్తుంది. నిజానికి చెదరదు!

వాన కొలిచే పరికరం కూడా ఉంటుంది. పక్షుల రెట్టలు, సాలెగూళ్లు తీసెయ్యడమే సగం పని. వాన ఎందుకంటే, గాల్లో పోతున్నదాన్ని అది నేలకి దించేస్తుంది.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో సరిగ్గా ఇదే జరిగింది. భూకంపం, సునామీ తర్వాత కరెంటు పోయి ప్లాంట్ చుట్టూ ఉన్న మానిటరింగ్ పోస్టులు ఆగిపోయాయి. ఒక వాహనంలో పరికరాలు పెట్టుకుని కొలతలు తీసుకోవాల్సి వచ్చింది. మార్చి 15న గాలి వాయువ్యానికి తిరిగింది, సాయంత్రం వాన, మంచు పడ్డాయి. దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈతతే గ్రామం మీద కాలుష్యం దిగింది. ఖాళీ చేయించింది మాత్రం 20 కిలోమీటర్ల వలయం! అంతకుముందే నమియే పట్టణం నుంచి వేలమంది వాయువ్యంలోని త్సుషిమాకి వెళ్లి తలదాచుకున్నారు. తర్వాత కొలిస్తే ఎక్కువ కాలుష్యం ఉన్న చోట్లలో అదీ ఒకటి. గాలిని బట్టి లెక్క వేసే స్పీడీ అనే వ్యవస్థ ప్రభుత్వం దగ్గరుంది. దాని ఫలితం ప్రజలకి మొదటిసారి చూపించింది మార్చి 23న.

అంటే కొలత ఉంటే సరిపోదు, అది సరైనదై ఉండాలి, సమయానికి జనానికి చేరాలి. మొదటి సగం మా చేతుల్లో ఉంది. మీ దగ్గర్లో కల్పాక్కం లాంటి సముద్రతీర ప్లాంట్ ఉంటే ఇంకా జాగ్రత్త. పగలు సముద్రం నుంచి నేల మీదకి, రాత్రి నేల నుంచి సముద్రం వైపుకి గాలి తిరిగిపోతుంటుంది. పొద్దున తీసిన కొలత సాయంత్రానికి పనికిరాదు.

ప్లాంట్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ రియాక్టర్ గురించే అడుగుతారు. ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మీ వాతావరణ టవర్‌ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు? కరెంటు పోతే అది పనిచేస్తుందా?" ఆ జవాబు మీద మీ ఇంటివాళ్లు ఏ రోడ్డు పట్టుకోవాలో ఆధారపడి ఉంటుంది.