శిబిరం ముగిసిన మర్నాడు
(కె.కోటపాడు ఉచిత కంటి పరీక్షల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. శిబిరాల్లో బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేవాణ్ణి. కాబట్టి ఆ పేర్ల గురించే నాలుగు మాటలు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం వేరే మండలంలో శిబిరం పెట్టాం. జనం బాగా వచ్చారు, భోజనాలు బాగా జరిగాయి, ఫొటోలూ దిగాం. మర్నాడు ఆపరేషన్లకు విశాఖ తీసుకువెళ్లడానికి బస్సు వస్తే సగం సీట్లు ఖాళీ. జాబితా పట్టుకుని ఇళ్లకు వెళ్లాను. ఒక మామ్మ, "కొడుకు గాజువాకలో పనిలో ఉన్నాడు, కోడలు చెరకు నరకడానికి పోయింది, నాతో ఎవరొస్తారు బాబూ?" అంది. ఇంకొకాయన మేకలను ఎవరికి అప్పగించాలన్నాడు. మరొకాయనకు ఇంకా శుక్లం ముదరలేదని ఎవరో చెప్పారట.

ఈ ముదరడం సంగతి కాస్త చెప్పాలి. పూర్వం శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. అందుకని బాగా ముదిరేదాకా ఆగమనేవారు. ఇప్పుడు చిన్న కోతతో మసకబారిన కటకం తీసి, లోపల కొత్త లెన్సు అమరుస్తారు. కన్ను బయటికి తీయరు. మరీ ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది, ఒక్కోసారి కంట్లో ఒత్తిడీ పెరుగుతుంది. రోజువారీ పనికి చూపు అడ్డం వస్తోందంటే డాక్టరు చెప్పిన తేదీకి వెళ్లడమే.

శుక్లంతో పోయిన చూపు చాలామందికి తిరిగొస్తుంది. నీటికాసులతో పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. షుగరున్నవాళ్లు బాగానే కనిపిస్తున్నా ఏడాదికోసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. ఇక మన చెరకు తోటల్లో ఆకు అంచు కంటికి గీసుకోవడం మామూలే. దానికి ఆకు పసరు, చనుబాలు పోయకండి. మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలూ వద్దు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే లోపల బూజు తెగులు పెచ్చు మీరి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగులుతుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

2022 ఏప్రిల్ నుంచి మనది అనకాపల్లి జిల్లా. అయినా కంటి ఆపరేషనంటే మనవాళ్లు ఇంకా విశాఖ వైపే చూస్తారు. ముసలివాళ్లకు అది దూరమే. ఈ దూరం సంగతి పెద్ద ఆసుపత్రులు మనకంటే ముందే గ్రహించాయి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కేంద్రం తెరిచింది. తర్వాత ఊళ్ల దగ్గర చిన్న కేంద్రాలు పెట్టి, స్థానిక యువతీయువకులకే పరీక్షలు చేయడం నేర్పింది. మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ ఆసుపత్రి, డబ్బు ఇవ్వగలవాళ్ల ఫీజుతోనే లేనివాళ్లకు ఆపరేషన్లు చేసింది. మనది చిన్న సొసైటీ. అంత చేయలేం గాని, తోడు వెళ్లగలం.

మన ముస్లిం పెద్దలు నన్ను తరచూ అడిగేది నమాజు గురించి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు తల కిందికి వంచవద్దని, కంట్లో నీళ్లు పడనివ్వవద్దని చెబుతారు. ఆ రోజుల్లో కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. వుజూ ఎలా అన్నది ఇమాం గారిని అడగండి. రంజానులో కంటి చుక్కలతో రోజా పోదని చాలామంది ఉలమాలు చెబుతారు. ఆ భయంతో చుక్కలు మానేసి కన్ను పాడుచేసుకోవద్దు.

కమిటీ వారికి ఒక విన్నపం. వేదిక, శాలువాల ఖర్చు కొంత తగ్గిద్దాం. ఆ డబ్బుతో ఒంటరి ముసలివాళ్ల వెంట ఒక మనిషిని పంపుదాం. ఆడవాళ్లకు ఆడతోడు ఉండాలి. వారం తర్వాత పరీక్షకు మళ్లీ తీసుకెళ్లాలి, చుక్కలు సరిగ్గా వేస్తున్నారో చూడాలి. ఇవి ఫొటోలకు అందని పనులే అనుకోండి.

ఈసారి జాబితాలో ఒక గడి కొత్తగా గీశాను. పేరు రాయించేటప్పుడు తోడు ఎవరొస్తారో కూడా చెప్పండి. ఎవరూ లేకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, సాయంత్రం మేం కూర్చుని అందులో మా పేర్లు రాస్తాం. బల్ల గుమ్మానికి కుడివైపున ఉంది. సెలవు.