పాత జెట్టువిమానము కొనుట

టెక్సాసులో వర్తకము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు, పాత జెట్టువిమాన మొకటి చౌకగా వచ్చుచున్నది, కొందునా యని నాకు వ్రాసెను. వ్యాకరణము చెప్పినవానిని విమానములను గూర్చి యడుగుటయా! అయినను వాని ధనము మునుగునను భయముచే విచారించితిని.

అది కాన్సాసు రాష్ట్రమున విచిటాలో సెస్నావారు నిర్మించిన సైటేషన్ 500. ఈ జాతి 1972లో కొనువారి చేతికి వచ్చెను. దీని రెండు యంత్రములను 3,500 గంటల కొకమారు సమూలముగ విప్పి బాగుచేయవలెను. నడుమ 1,750 గంటలకు మండెడు భాగమును పరీక్షింపవలెను. వాడు చూచినదానికి ఆ పెద్ద గడువు సమీపించినది. ఆ వ్యయము విమానపు వెలనే మించునట! చౌకకు కారణ మిదియే.

మరియు 2005 మొదలు అమెరికాలో 29,000 అడుగులకు పైని సంచరించుటకు, ఎత్తును సూక్ష్మముగ గొలుచు పరికరములును అనుమతియు నుండవలెను. లేనిచో క్రిందనే యెగురవలెను. అచట గాలి దట్టము, చమురు వ్యయము మిక్కుటము. తానొక్కడే నడుపుదునని వాని యుత్సాహము. ఏకచోదకునికై చేసినది 501. ఈ 500కు సాధారణముగ నిద్దరు కావలెను.

నాకు దెలిసినవి పుస్తకములు గనుక పుస్తకములనే యడిగితిని. విమానమునకు పుట్టుక మొదలు మరమ్మతుల చిట్టాలుండును. అందు రెండు సంపుటములు లేవట! తాళపత్రములలో నడిమి యాకులు పోయిన నూహతో పూరింతుము. ఇచట నట్లు పొసగదు. అమ్మువానితో సంబంధములేని మరమ్మతుశాలలో పరీక్ష చేయింపుమనియు, ఓక్లహోమా నగరమునందలి ప్రభుత్వపు దస్తరములలో తాకట్టులు వెదకింపుమనియు వ్రాసితిని.

బయానా యింకను ఇయ్యలేదు. చిట్టాలు దొరికిన కొందునని మొన్నటి జాబులో వ్రాసినాడు.