త్రాగువాని ఔదార్యము
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



త్రాగువాడు ఉదారుడని లోకులనుకొందురు. ఇది వట్టి అబద్ధమని మేము చెప్పబోము. సారా దుకాణము ముంగిట తన తుది రూపాయిని ప్రక్కవానికై విడిచినవానిని, ముక్కుమొగము తెలియనివాని కష్టము విని కన్నీరు కార్చినవానిని మీరును చూచియే యుందురు. మద్యనిషేధమును బోధించువారు పలువురు ఈ సంగతిని దాటవేయుదురు. వారి యుపన్యాసములు త్రాగువాని చెవికెక్కకుండుటకు ఇదియొక కారణము.

అయితే ఆ ఔదార్యము ఎంతదూరము పోవును? 1990లో స్టీల్, జోసెఫ్స్ అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. మత్తు మనస్సునకు హ్రస్వదృష్టి కలిగించునని వారి వాదము. ఎదుటనున్నది మిక్కిలి పెద్దదై తోచును; దూరమున నున్నదియు, రేపు రానున్నదియు మసకబారును. ఎదుట ఏడ్చువాడున్నచో జాలి పుట్టును, కవ్వించువాడున్నచో కొట్లాట పుట్టును. ఆ వేళ చూపున కందనిది ఇల్లు. కుండలో గింజలు లేవన్న మాట దుకాణమున కూర్చున్నవానికి జ్ఞప్తికి రాదు.

ఆ దానములకు సొమ్మెవరిదో నెల్లూరు జిల్లా స్త్రీలు బయటపెట్టిరి. అక్షరదీపమను ఉద్యమములో వారు రాత్రివేళ చదువు నేర్చిరి. వారి వాచకములో సారా దుకాణమును మూయించిన ఆడవారి కథ యొకటి యుండెను. 1992లో దూబగుంట మొదలు ఊరూర కూలి స్త్రీలు సారా ప్యాకెట్ల అమ్మకమును అడ్డగించిరి. మగవాడు దుకాణములో పదిమందికి పోయించినది భార్య కూలితోడను, బిడ్డల కూటితోడను. ఇచ్చిన వాడొకడు, పస్తున్నవారు వేరొకరు!

ప్రభుత్వ ఔదార్యము సయితము ఈ తీరుననే యుండెను. 1983 మొదలు కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుచు, వేరొక చేత సారా పాటల సొమ్ము పుచ్చుకొనుచుండెను. స్త్రీల పట్టుదలవలన 1993 అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో ఖజానా కొరత చెప్పి దానిని సడలించిరి.

కావున త్రాగువానిని కఠినహృదయుడని నిందింపకుడు. అతడు నమ్మడు, మనమును నమ్మరాదు. అతనితో మాటలాడవలసినది మత్తు దిగియున్న ఉదయవేళ. కూలి ముట్టిన దినమున, అతడు దుకాణపు త్రోవ పట్టకముందే, అందు సగమైన ఇల్లాలి చేతికి చేరు నేర్పాటును అతని యొప్పుదలతోనే చేయుడు. ఈ పేటలో అట్టి కుటుంబము లెన్నియో మీకు తెలియును.