పని పోయిననాడు కార్మికునకు రావలసినది
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేదికపై సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను వేరొక విషయమును కోరుకొంటిని. సేద్యపు పని చాలక పట్టణములలోని కర్మాగారములకు పోయిన పడుచువారు మన యిండ్లలో ఎందరో కలరు. వారిలో ఒకనికి పని పోయినచో ఇల్లు చేరి అప్పు కొరకు వెదకును. తనకు న్యాయముగా రావలసిన సొమ్ము ఒకటి ఉండవచ్చునని ఎరుగడు. ఆ సొమ్మును గూర్చియే నా ప్రసంగము.

పని లేనివానికి బీమా యన్నది కొత్త యూహ కాదు. బ్రిటనులో 1911 నాటి జాతీయ బీమా చట్టము గృహనిర్మాణము, ఓడల నిర్మాణము మున్నగు కొన్ని వృత్తుల వారికి దీనిని కల్పించెను. కార్మికుడు వారమునకు రెండున్నర పెన్నీలు, యజమాని అంతియే చెల్లించి, గుర్తుగా పుస్తకమున స్టాంపులు అంటించెడివారు. పని పోయినవాడు ఆ పుస్తకమును ప్రభుత్వ కార్యాలయమున దాఖలుచేసి, వారమునకు ఏడు షిల్లింగుల చొప్పున ఏడాదిలో పదునైదు వారముల వరకు పొందెడివాడు. పుస్తకము పోగొట్టుకొన్నవాని పాట్లు వేరుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున ఇ.ఎస్.ఐ. అని మనము వాడుకగా పిలుచు బీమాకు చట్టము 1948లో వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలయ్యెను. జబ్బునకు, కాన్పునకు, పనిలో కలుగు ప్రమాదమునకు అందు సహాయముండెను గాని, పని పోయినవానికి చాలకాలము ఏమియు లేదు. 2005లో ఒక పథకమును, 2018 జూలై 1 నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ యోజన అను మరియొక పథకమును ఏర్పరచిరి. పేరు నోరు తిరుగనిది. కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. ఈ రెండవ పథకము మొదట రెండేండ్లకే ఉద్దేశింపబడి, పిమ్మట పలుమార్లు పొడిగింపబడినది. కనుక బీమా శాఖా కార్యాలయమునకు పోయినవారు గడువు సంగతియే మొదట అడుగవలెను.

నెలకు 18,000 రూపాయల జీతగాని లెక్క చూడుడు. 2019 జూలైలో తగ్గించిన రేట్ల ప్రకారము అతని జీతమునుండి నూటికి ముప్పాతిక, అనగా 135 రూపాయలు, బీమాకు పోవును. యజమాని నూటికి మూడుంబాతిక చొప్పున 585 రూపాయలు కలుపవలెను. ఈ పథకమున భృతి మొదట సగటు దినసరి ఆదాయములో నాలుగవ వంతుగా ఉండి, 2020లో సగమునకు పెరిగెను. దినమునకు 600 ఆదాయమున్నవానికి 300 చొప్పున 90 దినములకు 27,000 అగును. జీవితమున ఒక్క పర్యాయమే ఇచ్చెదరు. ఇది ఎవరి దయ వలనను వచ్చునది కాదు. నెలనెల తాను కట్టిన దాని ఫలము.

అయినను అర్హుడైన ప్రతివానికిని అందుటలేదు. 2020లో సడలించిన నిబంధనల ప్రకారము రెండేండ్లు బీమాలో ఉండవలెను. చందా కాలములు ఏడాదికి రెండు: ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఒకటి. పని పోవుటకు ముందరి కాలములో 78 దినములకును, దానికి వెనుకటి మూడింటిలో ఏ ఒక్కదానిలోనైనను 78 దినములకును చందా పడియుండవలెను. మనవారు ఇక్కడనే చిక్కుపడుదురు. గుత్తేదారు మారినప్పుడెల్ల కొత్త బీమా సంఖ్య తీసికొందురు. దినములు రెండు మూడు సంఖ్యల క్రింద చీలిపోవును. ఏ ఒక్క దానిలోను లెక్క నిండదు. బీమా సంఖ్య మనిషికి ఒక్కటే. కొత్త యజమానికి పాతసంఖ్యనే చెప్పవలెను. జీతములో కోసిన సొమ్ము జమయైనదో లేదో కూడ ఆ సంఖ్యతోనే కనుగొనవచ్చును. కోసిన సొమ్ము యజమాని చేతిలో నిక్షేపము వంటిదని 1948 చట్టమే చెప్పినది.

మరియొక గోతిని గూర్చి గట్టిగా చెప్పెదను. తానై పని మానినవానికి, దుష్ప్రవర్తనచే తొలగింపబడినవానికి, వయోపరిమితి నిండి విరమించినవానికి ఈ భృతి లేదు. కర్మాగారము మూయుచు, "ఊరక ఒక సంతకము పెట్టుము, లెక్క తేల్చెదము" అని చేతికిచ్చు కాగితము తరచుగా రాజీనామాయే! చదువకుండ సంతకము చేసినవాడు తానై మానినవాడుగా లెక్కకెక్కును. చదువరాని వారు నలుగురిలో ఒకరిచేత చదివించుకొనవలెను. అందులో నామోషీ ఏమున్నది?

పని పోయి 30 దినములు గడచిన పిదప దరఖాస్తు చేయవచ్చును. యజమాని ద్వారా పంపవలెనన్న నిబంధనను 2020లో తొలగించిరి. కార్మికుడే శాఖా కార్యాలయమున నేరుగా ఇచ్చుకొనవచ్చును. ఆధారు, బ్యాంకు పుస్తకము వెంట నుండవలెను. ఆధారులోని పేరు, పుట్టినతేదీ బీమా చిట్టాలోని వానితో సరిపోలనిచో పని ఉన్నప్పుడే దిద్దించుకొనుట సులభము.

వ్యవసాయ కూలీల మాట ఏమని అడుగుదురు. వారు ఈ బీమాలోనికి రారు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయము. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పని కోరిన 15 దినములలో చూపనిచో నిరుద్యోగ భృతి ఇయ్యవలెనని శాసించెను. అక్కడను తేదీ వేసిన రసీదు లేనివాడు పని కోరినట్లు రుజువు చేయలేకపోయెను.

నేడు చెప్పిన నిబంధనలను తెలుగున వ్రాసి గ్రంథాలయ పఠనమందిరపు బల్లపై ఉంచితిని. పట్టణమున పిల్లలున్న తల్లిదండ్రులు ప్రతి వ్రాయించుకొని వారికి పంపగోరెదను.